కాలమ్ పేరు మారిస్తే సైట్ ఎందుకు పడిపోయింది: నడుస్తున్న యాప్‌లో డేటాబేస్‌ను మార్చడం గురించి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నలుగురు కలిసి నడుపుతున్న వెబ్ యాప్, జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) మీద రాశారు, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. మూడేళ్లుగా కొన్ని మార్పులు మైగ్రేషన్ ఫైళ్ల (డేటాబేస్ ఆకారంలో చేసే మార్పును కోడ్‌గా రాసిన ఫైళ్ల) ద్వారా జరిగాయి, కొన్నిటికి తొందరలో ఎవరో ఒకరు లైవ్ డేటాబేస్‌లోకి వెళ్లి నేరుగా ఆల్టర్ టేబుల్ (టేబుల్ ఆకారం మార్చే కమాండ్) కొట్టేశారు, ఇప్పుడు టెస్ట్ సర్వర్‌కీ లైవ్‌కీ పొంతన లేదు. పోయిన వారం కస్టమర్ల టేబుల్‌లో 'ఫోన్' కాలమ్‌ను 'మొబైల్' అని మార్చగానే సైట్ ఇరవై నిమిషాలు ఆగిపోయింది. ఏ టూల్ వాడితే ఈ బాధ ఉండదు అని అడిగారు.

టూల్ మీ దగ్గరే ఉందండి. జాంగోలో మైగ్రేషన్లు 2014లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి లోపలే ఉన్నాయి. జావా వాళ్లకి ఫ్లైవే, లిక్విబేస్ ఉన్నాయి, పైథాన్‌లోనే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ లైబ్రరీ వాడేవాళ్లకి అలెంబిక్ ఉంది, రూబీ వాళ్ల రైల్స్‌కి దాని సొంతవి ఉన్నాయి. వీటన్నిటి లోపలా ఉండేది దాదాపు ఒకటే: వరసగా నడవాల్సిన మార్పుల ఫైళ్లు, వాటిలో ఏవి ఇప్పటికే నడిచాయో రాసిపెట్టుకునే ఒక చిన్న టేబుల్. వీటిలో ఏది వాడినా మీ సైట్ ఆ రోజు పడిపోయేదే, ఎందుకంటే ఆ ఇరవై నిమిషాలు పాత కోడ్ కొత్త డేటాబేస్‌తో కలిసి బతకాల్సి వచ్చింది.

డిప్లాయ్, అంటే కొత్త కోడ్‌ను లైవ్ సర్వర్లలోకి ఎక్కించడం, ఒక్క క్షణంలో జరిగే పని అనుకుంటాం, కాదు. రెండు సర్వర్లు ఉంటే ఒకటి ముందు మారుతుంది, ఇంకోటి తర్వాత. వెనక విడిగా పనులు చేసిపెట్టే ప్రోగ్రామ్ (సెలరీ వర్కర్) చేతిలో ఉన్న పని పూర్తయ్యేదాకా పాత కోడ్‌తోనే ఉంటుంది. రాత్రి రెండింటికి నడిచే రిపోర్ట్ స్క్రిప్ట్ ఒకటి ఎక్కడో ఉంటుంది, దాన్ని రాసినవాళ్లు మీ టీమ్‌లో ఇప్పుడు లేకపోవచ్చు కూడా. డిప్లాయ్ తేడా కొట్టి పాత కోడ్‌కి వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ పాత కోడ్ కూడా ఇదే డేటాబేస్ మీద నడవాలి. కాబట్టి డేటాబేస్‌లో ఏ మార్పు చేసినా అది నిన్నటి కోడ్‌కీ రేపటి కోడ్‌కీ రెండింటికీ సరిపోవాలి. నేను ఏ పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో కలపడానికి ముందు రివ్యూకి పెట్టిన మార్పు) చూసినా ముందు అడిగేది ఈ ఒక్క ప్రశ్నే: ఈ మైగ్రేషన్ నడిచాక పాత కోడ్ ఇంకో గంట నడిస్తే ఏమవుతుంది?

మీ ఫోన్ కాలమ్ సంగతే చూద్దాం. జాంగో సెలెక్ట్ చేసేటప్పుడు (టేబుల్‌ను చదివేటప్పుడు) కాలమ్‌లన్నిటినీ పేరుపేరునా రాస్తుంది. పేరు మారిన క్షణం నుంచి, ఆ టేబుల్‌ను చదివే పాత కోడ్ ప్రతి పేజీ దగ్గరా పడిపోతుంది, ఆ పేజీలో ఫోన్ నంబర్ చూపించకపోయినా సరే. పేరు మార్చడం చూడ్డానికి చిన్న పనే, చేయకూడని పనుల్లో మాత్రం నా లెక్కలో అది మొదటిది. నిజంగా కోడ్‌లో పేరు బాగుండాలన్నదే ఉద్దేశమైతే డేటాబేస్ జోలికే వెళ్లకండి. మోడల్‌లో (టేబుల్ ఎలా ఉండాలో చెప్పే పైథాన్ కోడ్‌లో) ఫీల్డ్ పేరు మొబైల్ అని పెట్టి, డీబీ_కాలమ్ ఆప్షన్‌లో పాత పేరు ఫోన్ అని ఇవ్వండి. కోడ్ చదివేవాళ్లకి మొబైల్ కనబడుతుంది, టేబుల్‌లో ఫోన్ అలాగే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. మైగ్రేషన్ తయారయ్యాక ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కమాండ్ కొట్టి, అది డేటాబేస్‌కి పంపేది నిజంగా ఏమీ లేదని చూసుకోండి. ఇంకొక్కటి, పేరు మార్చినప్పుడు మైగ్రేషన్ ఫైలు తయారుచేసే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ "మీరు పేరు మార్చారా?" అని అడుగుతుంది. తొందరలో కాదు అని కొడితే పాత కాలమ్ తీసేసి కొత్తది ఖాళీగా పెట్టే ఫైలు తయారవుతుంది, ఉన్న నంబర్లన్నీ పోతాయి. అందుకే తయారైన ఫైలును చదవకుండా కమిట్ చేయొద్దని మా టీమ్‌లో గట్టిగా పట్టుబడతాను.

డేటాబేస్‌లో కూడా మార్చక తప్పదు అనుకుంటే, ఒక్క దెబ్బకి కాకుండా విడతలుగా వెళ్లాలి. ముందు కొత్త కాలమ్‌ను ఖాళీగా ఉండొచ్చు అనే షరతుతో చేర్చండి. దాని వల్ల పాత కోడ్‌కి ఇబ్బంది లేదు, దానికి ఆ కాలమ్ ఉన్నట్టే తెలీదు. తర్వాతి డిప్లాయ్‌లో కోడ్ రెండు కాలమ్‌లలోనూ రాయాలి, చదవడం మాత్రం పాతదాని నుంచే. అప్పుడు పాత వరుసల్లో ఉన్న విలువల్ని మెల్లగా కొత్త కాలమ్‌లోకి నింపండి. రెండూ సరిపోతున్నాయని లెక్క చూసుకున్నాక చదవడం కొత్తదానికి మార్చండి. కొన్ని రోజులు ఆగి పాతదాంట్లో రాయడం ఆపేయండి, ఇంకొన్ని రోజులు ఆగి తీసేయండి. నాలుగైదు డిప్లాయ్‌లు, రెండు మూడు వారాలు. ఒక పేరు కోసం ఇంత అవసరమా అనిపిస్తే మంచిదే, చాలాసార్లు ఆ పేరు మార్చే ఆలోచనే మానుకుంటారు.

జాంగోలో ఇక్కడ ఒక ముల్లు ఉంది, చాలామందికి గుచ్చుకుంటుంది. మోడల్‌లో డీఫాల్ట్ విలువ ఇచ్చి, ఖాళీ ఉండకూడదు అని ఒక ఫీల్డ్ చేర్చారనుకోండి. డేటాబేస్‌లో ఆ డీఫాల్ట్ ఎప్పటికీ ఉంటుందని మనం అనుకుంటాం, కానీ జాంగో కాలమ్ చేర్చేటప్పుడు మాత్రమే దాన్ని పెట్టి, వెంటనే తీసేస్తుంది. ఆ తర్వాత డీఫాల్ట్ ఇచ్చే పని పైథాన్ కోడ్‌ది. పాత కోడ్‌కి ఆ ఫీల్డ్ తెలీదు కాబట్టి అది చేసే ప్రతి ఇన్‌సర్ట్ (కొత్త వరుస చేర్చడం) "ఖాళీ ఉండకూడదు" అనే షరతుకి తగిలి ఆగిపోతుంది. సైట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆర్డర్లు మాత్రం పడవు, ఇది సైట్ మొత్తం పడిపోవడం కంటే ఘోరం, ఎందుకంటే ఎవరో కస్టమర్ ఫోన్ చేసేదాకా మనకు తెలియదు. 2023 డిసెంబర్‌లో వచ్చిన 5.0 వెర్షన్‌లో డీబీ_డీఫాల్ట్ అని ఒకటి పెట్టారు, అది డేటాబేస్‌లోనే నిలిచి ఉంటుంది. మీరు అంతకంటే పాత వెర్షన్‌లో ఉంటే ముందు ఖాళీకి ఒప్పుకునేలా చేర్చి, కోడ్ అంతా మారాక షరతు బిగించండి. ఫీల్డ్ తీసేసేటప్పుడు ఇదే తలకిందులుగా వస్తుంది: ముందు ఖాళీకి ఒప్పుకునేలా చేసి, తర్వాత మోడల్ నుంచి మాత్రమే తీసేసి (సెపరేట్‌డేటాబేస్‌అండ్‌స్టేట్ దీనికోసమే ఉంది), ఆ కోడ్ అన్ని చోట్లా నడుస్తోందని తేలాక చివర్లో కాలమ్ తీయాలి.

ఇక లాక్‌ల గురించి. ఆ ఇరవై నిమిషాల్లో కొంత భాగం దీనిదే అయ్యుంటుందని నా అనుమానం. పోస్ట్‌గ్రెస్‌లో చాలా రకాల ఆల్టర్ టేబుల్‌లకి ఆ టేబుల్ మొత్తం మీద అన్నిటికంటే గట్టి లాక్ కావాలి, అది ఉన్నంతసేపు చదవడం కూడా కుదరదు. లాక్ దొరికాక పని మిల్లీసెకన్లలో అయిపోవచ్చు, దొరికేదాకా ఆగడమే అసలు ప్రమాదం. పెళ్లి భోజనాల్లో బంతి మొత్తం ఖాళీ అయితే గానీ కూర్చోను అని ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడనుకోండి, లోపల ఒకే ఒక్కరు తీరిగ్గా తింటున్నా ఆయన ఆగుతాడు, ఆయన వెనక వచ్చినవాళ్లు ఖాళీ ఆకులు కనబడుతున్నా ఆయన్ని దాటుకుని వెళ్లలేరు. ఎవరో పది నిమిషాలు పట్టే రిపోర్ట్ నడుపుతున్నారు, దాని వెనక మీ ఆల్టర్ నిలబడింది, దాని వెనక మామూలు సెలెక్ట్‌లన్నీ బారులు తీరాయి, కనెక్షన్లు నిండిపోయాయి, సైట్ హ్యాంగ్. రిపోర్టే అక్కర్లేదు, పీజీఅడ్మిన్‌లో (పోస్ట్‌గ్రెస్‌ను చూసే టూల్) ఒక ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఖాయమయ్యే మార్పుల గుంపు) మొదలుపెట్టి కమిట్ కొట్టకుండా టీకి వెళ్లినవాళ్లు ఒక్కరున్నా చాలు.

దీనికి మందు తేలికే. మైగ్రేషన్ నడిపే కనెక్షన్‌లో లాక్_టైమ్‌అవుట్‌ను రెండు మూడు సెకన్లకు పెట్టండి. ఆలోపు లాక్ దొరక్కపోతే ఆల్టర్ తనంతట తానే తప్పుకుంటుంది, క్యూ కదులుతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. పది ఆల్టర్‌లను ఒకే ఫైల్లో కుక్కొద్దు, అవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో నడిస్తే మొదటిదాని లాక్ చివరిది అయ్యేదాకా వదలదు.

ఏ మార్పు ఎంత బరువో కూడా తెలిసుండాలి. డీఫాల్ట్‌తో కాలమ్ చేర్చితే 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11కి ముందు టేబుల్ మొత్తం తిరగరాసేది, 11 నుంచి డీఫాల్ట్ స్థిరమైన విలువైతే తిరగరాయదు, ప్రతి వరుసకీ వేరే విలువ రావాల్సి ఉంటే (యాదృచ్ఛికంగా పుట్టించే గుర్తింపు సంఖ్య, యూయూఐడీ, లాంటిది) ఇప్పటికీ తిరగరాస్తుంది. ఇండెక్స్‌ను (వెతుకులాట త్వరగా జరగడానికి పెట్టే సూచిక) మామూలుగా పెడితే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లో రాయడం ఆగిపోతుంది. కాంకరెంట్లీ అని పెట్టి కట్టించండి, జాంగోలో దానికి యాడ్‌ఇండెక్స్‌కాంకరెంట్లీ ఉంది, ఆ మైగ్రేషన్‌లో అటామిక్‌ను (ట్రాన్సాక్షన్‌లో నడపాలా అనే సెట్టింగ్‌ను) ఫాల్స్ చేయాలి, ఎందుకంటే అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. మధ్యలో అది ఫెయిలైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, వెతకడానికి పనికిరాదు, రాసే ప్రతిసారీ మాత్రం భారం మోపుతుంది, చూసి తీసేయండి. "ఖాళీ ఉండకూడదు" షరతును పెద్ద టేబుల్ మీద నేరుగా పెట్టొద్దు. ముందు అదే అర్థం వచ్చే చెక్ షరతును నాట్ వ్యాలిడ్ అని చేర్చి, తర్వాత విడిగా వ్యాలిడేట్ చేస్తే, ఆ వెతుకులాట జరుగుతున్నంతసేపు సైట్ మామూలుగా నడుస్తుంది. అప్పుడు నాట్ నల్ పెడితే పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ఆ చెక్‌నే నమ్మి మళ్లీ టేబుల్ అంతా చదవదు.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: అక్కడ ఆల్టర్ టేబుల్ కొట్టగానే అప్పటిదాకా జరిగింది కమిట్ అయిపోతుంది. ఐదు మార్పులున్న మైగ్రేషన్ మూడో దగ్గర ఆగితే మొదటి రెండూ ఉండిపోతాయి, కాబట్టి ఫైలుకి ఒక్క మార్పే పెట్టండి. పెద్ద టేబుళ్లను ఆపకుండా మార్చడానికి పెర్కోనా వాళ్ల టూల్ గానీ, గిట్‌హబ్ వాళ్లు 2016లో బయటపెట్టిన ఘోస్ట్ గానీ చూడండి.

ఇప్పటిదాకా చెప్పింది టేబుల్ ఆకారం గురించి. నేను ఎక్కువ నష్టపోయింది మాత్రం అర్థం మారినప్పుడు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, మన దగ్గర అడ్రస్‌లు దాచే ప్రతి యాప్‌కీ వచ్చేదే కాబట్టి.

నేను అప్పట్లో పనిచేసిన ఒక చోట విత్తనాలు, ఎరువుల డీలర్ల ఆర్డర్లు చూసే యాప్ ఉండేది. ఆర్డర్ టేబుల్‌లో జిల్లా అనే కాలమ్, అందులో జిల్లా పేరు అక్షరాల్లో. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. మేం చేసిన పని ఏంటంటే మండలాల పట్టిక ఒకటి పెట్టుకుని, రాత్రికి రాత్రి ఒక అప్‌డేట్‌తో పాత ఆర్డర్లన్నిటిలో జిల్లా పేర్లు కొత్తవి చేసేశాం. సైట్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు, అందరం సంతోషించాం. కొన్ని నెలల తర్వాత డీలర్ల లెక్కలు సరిచూస్తుంటే 2015లో వరంగల్ జిల్లా అని ప్రింటై వెళ్లిన ఇన్‌వాయిస్‌లు మా సిస్టమ్‌లో మహబూబాబాద్ అనీ జనగామ అనీ కనబడ్డాయి. 2015లో ఆ జిల్లాలే లేవు. పాత విలువలు ఎక్కడా దాచలేదు, పాత బ్యాకప్‌లు వెతికి వరుస వరుస తిరిగి నింపాల్సి వచ్చింది, ఎన్ని రాత్రులు పట్టిందో ఇప్పటికీ గుర్తుంది.

అది అక్కడితో ఆగలేదు కూడా. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్‌ను వరంగల్ అన్నారు. అంటే 'వరంగల్' అనే ఒక్క పదానికి 2016 ముందు ఒక అర్థం, 2021 తర్వాత ఇంకో అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చింతూరు మండలాన్నే తీసుకోండి: 2014 దాకా ఖమ్మం జిల్లా, విభజనప్పుడు తూర్పు గోదావరికి వెళ్లింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, జిల్లా మాత్రం 2022 నాటికే రెండుసార్లు మారింది. పాత జిల్లా చూసి కొత్తది చెప్పడం కుదరదు, సిద్దిపేట జిల్లాలో పాత మెదక్, కరీంనగర్, వరంగల్ మూడింటి మండలాలూ ఉన్నాయి, మండలం తెలిస్తేనే చెప్పగలం.

తర్వాత మేం దాన్ని సరిచేసిన పద్ధతి పైన చెప్పిన విడతల పద్ధతే. జిల్లాలకు సొంత ఐడీతో ఒక టేబుల్, ప్రతి జిల్లాకీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనే రెండు తేదీలు. ఏ మండలం ఏ తేదీల్లో ఏ జిల్లాలో ఉందో చెప్పే ఇంకో టేబుల్. ఆర్డర్‌లో మండలం ఐడీ, దానితో పాటు ఇన్‌వాయిస్ మీద ఆ రోజు ప్రింటైన అడ్రస్ అక్షరం మారకుండా. ఆ రెండోది మళ్లీ ఎప్పుడూ అప్‌డేట్ కాదు. మండలం కాలమ్ ముందు ఖాళీగా చేర్చాం, కొత్త ఆర్డర్లు రెండు చోట్లా రాశాం, పాతవి నింపాం, మండలం పేరు రాయకుండా వదిలేసిన ఆర్డర్లను ఊహించి నింపకుండా విడిగా ఒక జాబితా తీసి ఫీల్డ్ వాళ్లతో చూపించుకున్నాం. పాత జిల్లా కాలమ్‌ను మాత్రం ఒక పంట సీజన్ మొత్తం గడిచాకే తీశాం, ఎందుకంటే ఏ రిపోర్ట్ దాన్ని వాడుతోందో సీజన్ తిరిగితేనే బయటపడుతుంది.

పాత వరుసల్ని నింపడం గురించి చెప్పాలి. దాన్ని మైగ్రేషన్ ఫైల్లో పెట్టొద్దు. లక్షల వరుసల్ని ఒకే అప్‌డేట్‌లో మార్చితే అవన్నీ లాక్‌లో ఉంటాయి, పోస్ట్‌గ్రెస్ ప్రతి వరుసకీ కొత్త కాపీ రాస్తుంది కాబట్టి టేబుల్ ఉబ్బుతుంది, రెప్లికా (డేటాబేస్‌ను అనుసరించే రెండో కాపీ) ఉంటే వెనకబడుతుంది. విడిగా ఒక కమాండ్ రాసి, ఐడీల ప్రకారం వెయ్యి, రెండు వేల వరుసల చొప్పున మార్చి, ప్రతి విడతకీ కమిట్ చేసి, కాస్త ఆగి మళ్లీ సాగేలా పెట్టండి. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకోవాలి, మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలవ్వాలి, రెండోసారి నడిపినా నష్టం ఉండకూడదు. చిన్న టేబుల్ అని మైగ్రేషన్‌లోనే పెడితే, మోడల్‌ను నేరుగా ఇంపోర్ట్ చేయకుండా యాప్స్ గెట్_మోడల్‌తోనే తీసుకోండి. లేకపోతే ఏడాది తర్వాత ఆ మోడల్ మారిపోయి, కొత్తగా చేరిన మనిషి లాప్‌టాప్‌లో ఆ పాత మైగ్రేషన్ నడవదు.

మైగ్రేషన్‌ను వెనక్కి తిప్పే కోడ్ గురించి నా అభిప్రాయం కొంచెం కటువు. రాయండి, లాప్‌టాప్‌లో పనికొస్తుంది, లైవ్‌లో దాని మీద ఆధారపడకండి. తీసేసిన కాలమ్‌ను వెనక్కి తెస్తే కాలమ్ వస్తుంది, అందులోని డేటా రాదు. లైవ్‌లో తప్పు జరిగితే కోడ్‌ను వెనక్కి తీసుకెళ్లి, డేటాబేస్‌కి ఇంకో కొత్త మైగ్రేషన్‌తో ముందుకే వెళ్తాను. ఏదైనా తీసేసే ముందు ఆ కాలమ్‌నీ ఐడీనీ వేరే టేబుల్‌లోకి కాపీ చేసి నెల రోజులు ఉంచుతాను. బ్యాకప్ ఉందా అని కాదు, దాన్ని వేరే సర్వర్‌లో తెరిచి చూసి ఎన్నాళ్లైంది, ఎంతసేపు పట్టింది అని మీ టీమ్‌లో అడగండి.

ఇద్దరు రెండు బ్రాంచ్‌లలో ఒకే నంబర్‌తో మైగ్రేషన్ చేస్తే జాంగో నడపనివ్వకుండా మర్జ్ చేయమంటుంది. రెండూ వేర్వేరు టేబుళ్లవైతే మర్జ్ చేయండి. ఒకే టేబుల్ అయితే వెనక మర్జయ్యే మనిషి తన ఫైలు తీసేసి మళ్లీ తయారు చేసుకోవడం మేలు, అది ఇంకెక్కడా నడవనంతవరకే. ఒక్కసారి లైవ్‌లో నడిచిన ఫైలును ముట్టుకోవద్దు. ఫ్లైవే అయితే ఫైలు మారితే చెక్‌సమ్‌తో పట్టుకుంటుంది, జాంగో పట్టుకోదు, కాబట్టి రివ్యూలో మీరే చూసుకోవాలి.

మీది పాత ప్రాజెక్ట్ అయితే ప్రైమరీ కీల (ప్రతి వరుసకీ ఇచ్చే ఐడీ నంబర్ల) సైజు కూడా చూడండి. 32 బిట్ల ఇంటీజర్ 214,74,83,647 దగ్గర ఆగిపోతుంది. 2018 నవంబర్‌లో ప్రాజెక్ట్ పనులు చూసుకునే బేస్‌క్యాంప్ యాప్ సరిగ్గా ఈ హద్దుకి తగిలి కొన్ని గంటలు చదవడానికి తప్ప పనికిరాకుండా పోయింది. జాంగో 3.2 నుంచి కొత్త ప్రాజెక్ట్‌లు 64 బిట్ల కీలతో మొదలవుతాయి, పాతవాటిలో మీరే మార్చుకోవాలి. లాగ్, ఈవెంట్ లాంటి టేబుళ్లు ముందు చూడండి, సగం దాటితే ఇప్పుడే మొదలుపెట్టండి.

ఈ వారం మీరు చేయాల్సింది చెబుతాను. టెస్ట్ నుంచీ లైవ్ నుంచీ పీజీ_డంప్‌తో స్కీమా (డేటా లేకుండా టేబుళ్ల ఆకారం) మాత్రమే తీసి, రెండు ఫైళ్లకీ డిఫ్ (తేడాలు చూపించే టూల్) పెట్టండి. లైవ్‌లో ఉన్నదే నిజం అనుకుని, తేడా ఉన్న ప్రతిదానికీ మైగ్రేషన్ రాయండి. టెస్ట్‌లో దాన్ని నిజంగా నడపండి, లైవ్‌లో ఫేక్ ఆప్షన్‌తో నడిచినట్టు మాత్రమే గుర్తు పెట్టించండి. డిఫ్ ఖాళీగా వచ్చేదాకా ఇదే పని. తర్వాత టేబుళ్లన్నిటి యాజమాన్యం మైగ్రేషన్లు నడిపే ఒక్క యూజర్‌కి ఇచ్చి, యాప్ యూజర్‌కీ మీ నలుగురి లాగిన్‌లకీ చదవడం, చేర్చడం, మార్చడం, తీసేయడం వరకే ఉంచండి. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ ఓనర్ కానివాళ్లకి ఆల్టర్ కుదరదు కాబట్టి, అర్ధరాత్రి తొందరలో కూడా ఎవరూ చేత్తో మార్చలేరు. మేక్‌మైగ్రేషన్స్ చెక్ ఆప్షన్‌ను ప్రతి పుల్ రిక్వెస్ట్ మీదా నడపండి, మోడల్ మార్చి మైగ్రేషన్ మర్చిపోతే అక్కడే దొరుకుతుంది. పెద్ద మార్పు ఏదైనా ఉంటే లైవ్ డేటా కాపీ మీద, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేసి, ముందు ఒకసారి నడిపి టైమ్ చూడండి. వంద వరుసలున్న టెస్ట్ డేటాబేస్‌లో అన్నీ అర సెకనులోనే అయిపోతాయి.

డిఫ్‌లో వచ్చిన తేడాల్లో ఎందుకొచ్చిందో తేలనిది ఏదైనా ఉంటే, టేబుల్ సైజు, పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌తో సహా రాయండి, చూసి చెబుతాను.